సౌండ్ సందేహాలు: డ్రమ్ బ్రేక్‌కి ఈక్యూ ఎలా పెట్టాలి?

ఈసారి ప్రశ్నలన్నీ డ్రమ్ బ్రేకుల మీద, వాటికి పెట్టే ఈక్యూ (శబ్దంలో ఎంచుకున్న ఫ్రీక్వెన్సీలను పెంచే, తగ్గించే సాధనం) మీదే తీసుకున్నాం. పాటలో మిగతా వాద్యాలన్నీ ఆగి, డ్రమ్మర్ ఒక్కడే వాయించే ఆ కాసిన్ని సెకన్ల ముక్కను శాంపిల్ చేసి లూప్‌గానో స్లైసులుగానో వాడుకునేవాళ్లకి ఈ జవాబులు. ఇక్కడ చెప్పిన అంకెలు మొదలుపెట్టడానికి మాత్రమే. రికార్డును బట్టి అటూ ఇటూ జరుపుకోవాల్సిందే.

ప్రశ్న: పాత ఫంక్ రికార్డులోంచి రెండు బార్ల బ్రేక్ తీసుకున్నాను. కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) పల్చగా ఉందని 80 హెర్ట్జ్ దగ్గర 6 డీబీ పెంచాను. కిక్ కొంచెం గట్టిపడింది గానీ లూప్ మొత్తం గుయ్యిమంటోంది, స్నేర్ (అడుగున తీగలుండే డ్రమ్) కూడా ఉబ్బిపోయింది. క్యూ (ఈక్యూ తాకే పట్టీ వెడల్పు; అంకె పెరిగేకొద్దీ సన్నబడుతుంది) సన్నం చేసి చూశాను, వెడల్పు చేసి చూశాను, అదే తంతు. ఏ ఫ్రీక్వెన్సీ పట్టుకోవాలి?

జవాబు: ఫ్రీక్వెన్సీ సరిగ్గానే పట్టుకున్నారు. చిక్కల్లా ఆ 80 హెర్ట్జ్ కిక్ ఒక్కదాని సొత్తు కాకపోవడమే. విడివిడి మైకులతో రికార్డ్ చేసిన డ్రమ్స్‌లో అయితే కిక్ ట్రాక్ మీద పెట్టిన ఈక్యూ దాదాపు కిక్‌కే తగులుతుంది. బ్రేక్‌లో కిక్, స్నేర్, హైహ్యాట్ (జంట సింబల్), గది మోత, టేపు హిస్ అన్నీ ఒకే ఫైల్లో కలిసిపోయి ఉంటాయి. స్నేర్ కొట్టినప్పుడల్లా పక్కనున్న ఫ్లోర్ టామ్, కిక్ తోలు కూడా సన్నగా మోగుతాయి. ఆ మోత మీరు పెంచిన చోటే ఉంటుంది. కిక్ లేని క్షణాల్లో కూడా మీ 6 డీబీ పనిచేస్తూనే ఉంది, మీకు వినిపిస్తున్న గుయ్యి అదే. క్యూ సన్నం చేస్తే తగ్గకపోవడానికి ఇంకో కారణం ఉంది. క్యూ 5 దాటించి అంతంత పెంచితే ఫిల్టరే మోగడం మొదలుపెడుతుంది, కిక్ తోక సాగుతుంది.

అందుకని ముందు కాలంలో విడదీయండి, ఆ తర్వాతే ఫ్రీక్వెన్సీలో. ప్రతి దెబ్బ మొదలయ్యే చోట స్లైస్ చేయండి. కోత దెబ్బకి 1 మిల్లీసెకను ముందు, వేవ్ సున్నా గీతను దాటే చోట పడాలి. స్లైస్ చివర 3 నుంచి 5 మిల్లీసెకన్ల ఫేడ్ ఇస్తే టిక్కుమనే చప్పుడు రాదు. మొదట్లో మాత్రం ఫేడ్ 1 మిల్లీసెకను మించకూడదు, మించితే దెబ్బలో పదును పోతుంది. ఇప్పుడు కిక్ ఉన్న స్లైసులన్నీ ఒక ట్రాక్‌కి, స్నేర్ ఉన్నవన్నీ ఇంకో ట్రాక్‌కి, హ్యాట్లూ ఘోస్ట్ నోట్లూ (స్నేర్ మీద సన్నగా పడే చిన్న దెబ్బలు) మూడోదానికి పంపండి.

కిక్ ట్రాక్‌లో ముందు మూలస్వరం ఎక్కడుందో చూడండి. 1960ల చివర, 70ల మొదట్లో వచ్చిన రికార్డుల్లో అది తరచూ 70 నుంచి 100 హెర్ట్జ్ మధ్య దొరుకుతుంది. 50 దగ్గర వెతికితే రంబుల్ (రికార్డు తిరిగేటప్పుడు వచ్చే అడుగు మోత) తప్ప ఏమీ తగలదు. దొరికినచోట క్యూ 1తో 3 లేదా 4 డీబీ పెంచండి, 350 దగ్గర క్యూ 1.4తో 3 డీబీ తగ్గించండి. ఈ రెండో పనే ఎక్కువ లాభం. అట్టపెట్టె మీద కొట్టినట్టుండే గుణం అక్కడే ఉంటుంది, అది తగ్గితే కింద పెంచకుండానే కిక్ బరువుగా తోస్తుంది. స్నేర్ ట్రాక్‌కి 100 దగ్గర ఆక్టేవ్‌కి (ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ) 12 డీబీ హైపాస్ (ఆ గీత కిందవాటిని కోసే ఫిల్టర్) పెట్టండి, స్నేర్‌తోపాటు తామూ మోగే టామ్, కిక్ తోలు అక్కడితో నోరు మూస్తాయి. స్నేర్ ఒళ్లు 180 నుంచి 250 మధ్య ఉంటుంది, దాన్ని ముట్టుకోవద్దు.

ఇక్కడే చాలామంది బోల్తా పడేది. స్లైసులకి వేరువేరు ఈక్యూలు పెట్టేటప్పుడు తేడాలన్నీ 1 కిలోహెర్ట్జ్ లోపే ఉంచుకోండి. 2 కిలోహెర్ట్జ్ పైన చేయదలచుకున్నది మూడు ట్రాకులూ కలిసే బస్ మీద ఒకేలా చేయండి. సింబల్ మోత స్లైసు గీతలకు లొంగదు. కిక్ మీద మొదలైన రైడ్ సింబల్ తోక తర్వాతి స్నేర్ స్లైసులో కూడా సాగుతూ ఉంటుంది. కిక్ స్లైసులో 8 కిలోహెర్ట్జ్ తగ్గించి, స్నేర్ స్లైసులో పెంచారనుకోండి, ప్రతి గీత దగ్గరా రైడ్ రంగు మారిపోతుంది, పక్కగది తలుపు తీసి వేస్తున్నట్టు వినిపిస్తుంది. ‘అమెన్, బ్రదర్’ బ్రేక్ ఇందుకు మంచి పరీక్ష. 1969లో ద విన్‌స్టన్స్ బృందం కోసం గ్రెగరీ కోల్‌మన్ వాయించిన ఆ నాలుగు బార్లలో సింబల్ మోత దాదాపు ఎక్కడా పూర్తిగా ఆగదు. దాని మీద మీ స్లైసు ఈక్యూ అతుకులు లేకుండా నిలబడితే వేరే ఏ బ్రేక్ మీదైనా నిలబడుతుంది.

స్లైస్ చేయడం ఇష్టం లేకపోతే డైనమిక్ ఈక్యూ ఉంది. 80 దగ్గర బెల్ (గంట ఆకారపు పెంపు), ఆ బ్యాండ్ స్థాయి త్రెషోల్డ్ (మీరు పెట్టే హద్దు) దాటినప్పుడు మాత్రమే 4 డీబీ పెరిగేలా పెట్టండి. అటాక్ (స్పందించే సమయం) 5 మిల్లీసెకన్లు, రిలీజ్ (వదిలే సమయం) 80 నుంచి 120. కిక్ ఆగగానే బూస్ట్ కూడా మూసుకుంటుంది. స్లైసింగంత శుభ్రంగా రాదు, కానీ ఫీల్ చెదరదు.

ప్రశ్న: బ్రేక్ కింద 909 (రోలాండ్ డ్రమ్ మెషీన్) కిక్ పెట్టాను. రెండూ కొట్టుకోకూడదని బ్రేక్‌ని 150 దగ్గర హైపాస్ చేశాను. ఇప్పుడు రెండూ కలిసినా ఒక్కటిగా ఉన్నప్పటికన్నా పీలగా ఉంది. ఎందుకు?

జవాబు: రెండు కారణాలుండొచ్చు. మొదటిది, 150 మరీ ఎక్కువ. 909 కిక్ బలమంతా అడుగునే ఉంటుంది. బ్రేక్ కిక్‌కి 100 నుంచి 150 వరకూ ఉన్న కండ మీరు కోసేశారు. కొత్త కిక్ ఆ ఖాళీని నింపలేదు. హైపాస్‌ని 50 దగ్గర మొదలుపెట్టి మెల్లగా పైకి జరపండి, అడుగున కొట్లాట ఆగిన చోట ఆపేయండి. సాధారణంగా అది 80, 110 మధ్య ఉంటుంది. ఇంకా మెత్తగా కావాలంటే కోయడం మానేసి, 100 దగ్గర లో షెల్ఫ్‌ని (ఆ గీత కిందదంతా ఒకేలా పెంచే, దించే ఈక్యూ) 6 డీబీ దించండి.

రెండోది ఫేజ్ (తరంగం తన ఎత్తుపల్లాల్లో ఎక్కడుందన్నది), అసలు దోషి తరచూ ఇదే. ఆక్టేవ్‌కి 12 డీబీ హైపాస్ కటాఫ్ దగ్గర ఫేజ్‌ని 90 డిగ్రీలు తిప్పుతుంది, 24 డీబీది 180 డిగ్రీలు. అంటే ఫిల్టర్ పెట్టకముందు కలిసి కొట్టిన రెండు కిక్‌లు, పెట్టాక ఒకదాన్నొకటి రద్దు చేసుకోవచ్చు. అందుకే వరుస ముఖ్యం: ముందు ఫిల్టర్ ఖాయం చేయండి, తర్వాత మోనోలో వింటూ ఒక ట్రాక్ పోలారిటీ తిప్పి (తరంగాన్ని తలకిందులు చేసి) చూడండి. ఏ వైపు అడుగు బలంగా ఉందో అది ఉంచుకోండి. ఆ తర్వాత ఫిల్టర్‌ని కదిపితే పోలారిటీ మళ్లీ చూసుకోవాల్సిందే.

ట్రాకును కాలంలో ముందుకీ వెనక్కీ జరపడం గురించి కూడా ఒక లెక్క గుర్తుంచుకోండి. 44.1 కిలోహెర్ట్జ్ ప్రాజెక్టులో 1 మిల్లీసెకను అంటే 44 శాంపిళ్లు. 60 హెర్ట్జ్‌లో ఆ మిల్లీసెకను కేవలం 22 డిగ్రీల తేడా, వినిపించదు. 2 కిలోహెర్ట్జ్‌లో అదే మిల్లీసెకను రెండు పూర్తి సైకిళ్లు, అక్కడ బీటర్ టక్కుమనే చప్పుడు రెండుగా చీలుతుంది. కాబట్టి పైన ఉన్న టక్కు కోసం శాంపిళ్లలో జరపండి, అడుగు కోసం పోలారిటీ వాడండి. ఇంకొకటి. బ్రేక్ వాయించింది మనిషి, గ్రిడ్ (సాఫ్ట్‌వేర్‌లో తాళం కోసం ఉండే సమాన గీతలు) కాదు. మీ 909 గ్రిడ్ మీద ఉండి, డ్రమ్మర్ 8 మిల్లీసెకన్లు వెనక ఉంటే 60 హెర్ట్జ్‌లో అది దాదాపు అర సైకిల్. ఒక కిక్ గట్టిగా, తర్వాతిది పీలగా వస్తుంటే ఇదే రోగం. 909ని గ్రిడ్ మీద కాకుండా బ్రేక్ కిక్ స్లైసు మొదలైనచోటే పెట్టండి.

ప్రశ్న: 137 బీపీఎమ్ (నిమిషానికి బీట్లు) బ్రేక్‌ని జంగిల్ (వేగమైన బ్రేకుల మీద నడిచే ఎలక్ట్రానిక్ సంగీతం) కోసం 174కి పెంచుతున్నాను. ఈక్యూ ముందా, స్పీడ్ ముందా?

జవాబు: ఎలా పెంచుతున్నారన్నదాన్ని బట్టి. టేపు తిప్పినట్టు స్పీడుతోపాటు పిచ్ కూడా పెంచితే 174ని 137తో భాగించగా 1.27, అంటే 4 సెమీటోన్ల పైచిలుకు. ఫైల్లో ఉన్న ప్రతి ఫ్రీక్వెన్సీ 1.27 రెట్లు పైకి పోతుంది. 70 దగ్గరున్న కిక్ 89కి, 200 దగ్గరున్న స్నేర్ ఒళ్లు 254కి, 4 కిలోహెర్ట్జ్ దగ్గర గీసుకునే చప్పుడు 5.1కి చేరతాయి. ముందే పెట్టిన ఈక్యూని శాంపిల్లో ముద్రించి ఉంటే అది కూడా కలిసి పైకి పోతుంది, ఫర్వాలేదు. మిక్సర్ ఛానల్లో పెట్టి ఉంటే మాత్రం అది పాత చోటే కూర్చుని, ఇప్పుడు అక్కడ లేని వాటిని కోస్తుంటుంది. పిచ్ ఖాయమయ్యాకే ఈక్యూ పెట్టడం తేలిక.

రంబుల్ కూడా పైకి వస్తుందని మర్చిపోవద్దు. 30 హెర్ట్జ్ రంబుల్ 38 అవుతుంది, మీ 30 హెర్ట్జ్ హైపాస్ దాన్ని పట్టుకోదు. 45, 50కి జరపండి. పోయిన అడుగును 50 దగ్గర పెంచి తేవాలని చూడకండి, అక్కడిప్పుడు ఏ డ్రమ్మూ లేదు. సబ్ బాస్‌కో, కింద పెట్టిన కిక్‌కో ఆ చోటు వదిలేయండి. జంగిల్, డ్రమ్ అండ్ బాస్‌లో బ్రేక్ పైన ఎగురుతుంటే బాస్ కింద నడిచే పద్ధతి ఒకవిధంగా ఇందులోంచే వచ్చింది.

పిచ్ మార్చకుండా టైమ్ స్ట్రెచ్ చేస్తే ఫ్రీక్వెన్సీలు కదలవు గానీ దెబ్బల అంచులు అరుగుతాయి. పోయిన పదును కోసం 3 నుంచి 5 కిలోహెర్ట్జ్ పెంచితే ఆ అరుగుదలే ఇంకా గట్టిగా వినిపిస్తుంది. ఇంత తేడా ఉన్న టెంపోలకి స్ట్రెచ్ కన్నా స్లైసింగే మేలు.

ప్రశ్న: టర్న్‌టేబుల్‌ని నేరుగా ఆడియో ఇంటర్‌ఫేస్ లైన్ ఇన్‌పుట్‌కి కలిపాను. డ్రమ్స్ రేకు మీద కొట్టినట్టున్నాయి, హిస్ విపరీతం. ఈక్యూతో బాగుచేయొచ్చా?

జవాబు: లెక్క ప్రకారం చేయొచ్చు, చేయకండి. వినైల్ మీద కోసేటప్పుడు బాస్ తగ్గించి, ట్రెబుల్ పెంచి కోస్తారు. వినేటప్పుడు ఫోనో ప్రీయాంప్ దాన్ని తిరగేస్తుంది. ఆర్ఐఏఏ కర్వ్ అంటే ఇదే. దాని మలుపులు 50, 500, 2122 హెర్ట్జ్ దగ్గర ఉంటాయి. 1 కిలోహెర్ట్జ్‌తో పోలిస్తే 20 హెర్ట్జ్ దగ్గర 19 డీబీకి పైగా పెంచాలి, 20 కిలోహెర్ట్జ్ దగ్గర అంతే తగ్గించాలి. ప్లగిన్‌తో ఆ ఆకారం గీయొచ్చు. కానీ కార్ట్రిడ్జ్ (సూది ఉండే భాగం) నుంచి వచ్చేది కొద్ది మిల్లీవోల్టులే. లైన్ ఇన్‌పుట్‌లో దాన్ని పైకి లాగితే ఇంటర్‌ఫేస్ సొంత హిస్ కూడా పైకి వస్తుంది. పైగా మూవింగ్ మ్యాగ్నెట్ కార్ట్రిడ్జ్ 47 కిలోఓమ్‌ల లోడ్ కోసం తయారైంది, లైన్ ఇన్‌పుట్‌లో అది సాధారణంగా దొరకదు. ఫోనో ప్రీయాంప్ పెట్టి మళ్లీ రికార్డ్ చేసుకోండి.

అలా చేశాక మిగిలేది చిన్న పనే. 30 హెర్ట్జ్ దగ్గర ఆక్టేవ్‌కి 12 లేదా 18 డీబీ హైపాస్. కరెంటు హమ్ ఉంటే ముందు ఎర్త్ వైరు చూడండి. అది కుదరకపోతేనే 50 లేదా 60 హెర్ట్జ్ దగ్గర, దాని రెట్టింపు దగ్గర క్యూ 10 పైన సన్నని నాచ్ (ఒక్క చోట మాత్రమే కోసే కోత). కిక్ అక్కడికి దగ్గర్లో ఉంటే ఆ నాచ్ కిక్ తోకను కూడా తింటుంది.

రికార్డు మోనోదైతే రెండు ఛానళ్లనీ కలిపి మోనో చేసేయండి. మోనో గాడిలో సంగీతం అడ్డంగా మాత్రమే ఉంటుంది. స్టీరియో కార్ట్రిడ్జ్ నిలువు కదలికల్ని కూడా పట్టుకుని సైడ్ సిగ్నల్‌గా (రెండు ఛానళ్ల మధ్య తేడాగా) ఇస్తుంది, అందులో ఉండేదంతా గీతలు, దుమ్ము, గరగర. 60ల నాటి స్టీరియో రికార్డుల్లో ఇంకో లాభం ఉంది. కొన్నింట్లో డ్రమ్స్ మొత్తం ఒక్క వైపే ఉంటాయి. ఆ ఛానల్ ఒక్కటే తీసుకుంటే గంట ఈక్యూ పని తప్పుతుంది.

ప్రశ్న: లీనియర్ ఫేజ్ ఈక్యూ వాడితే బ్రేక్ శుభ్రంగా ఉంటుందని విన్నాను. నిజమా?

జవాబు: డ్రమ్స్‌కి మటుకు కాదు. ఫేజ్‌ని తిప్పకుండా పనిచేసే లీనియర్ ఫేజ్ ఫిల్టర్ దెబ్బకి ముందు కూడా మోగుతుంది. 40 హెర్ట్జ్ దగ్గర నిటారైన హైపాస్ పెడితే కిక్‌కి ముందు ఉఫ్‌మని గాలి పీల్చినట్టు వినిపిస్తుంది. మామూలు మినిమమ్ ఫేజ్ ఈక్యూ వాడండి. ఒకే బ్రేక్‌ని రెండు ట్రాకుల మీద పెట్టి ఒకదాన్ని మాత్రమే ఫిల్టర్ చేసి కలిపేటప్పుడు లీనియర్ ఫేజ్‌కి పని పడొచ్చు. అదీ మెత్తటి వాలుతోనే.

ప్రశ్న: కంప్రెసర్‌కి ముందు ఈక్యూ పెట్టాలా, తర్వాతా? ముందు పెట్టి హ్యాట్లు తగ్గించాను, కంప్రెస్ చేశాక మళ్లీ లేచి కూర్చున్నాయి.

జవాబు: లేచి కూర్చోక ఏం చేస్తాయి! కంప్రెసర్ కిక్, స్నేర్ దెబ్బల్ని నొక్కి, మీరు మేకప్ గెయిన్ (నొక్కాక మొత్తం స్థాయిని పెంచడం) ఇవ్వగానే మధ్యలో ఉన్న నిశ్శబ్దాన్ని పైకి తెస్తుంది. ఆ నిశ్శబ్దంలో ఉండేవి హ్యాట్లు, గది, హిస్. 4కి 1 నిష్పత్తి, అటాక్ 20 మిల్లీసెకన్లు, రిలీజ్ 80, గెయిన్ రిడక్షన్ 6 డీబీ అనుకుంటే హ్యాట్లు కిక్‌తో పోలిస్తే దాదాపు ఆ 6 డీబీ మేర పైకొస్తాయి. కాబట్టి పనిని రెండుగా పంచండి. కంప్రెసర్‌ని తప్పుదోవ పట్టించేవి ముందే కోయండి: 35 దగ్గర హైపాస్, 350 బాక్సు మోత, స్నేర్ రింగ్. రంగులద్దే పని, అంటే 8 కిలోహెర్ట్జ్ షెల్ఫ్ దించడం, స్నేర్‌కి 3 కిలోహెర్ట్జ్ దగ్గర 2 డీబీ ఇవ్వడం, తర్వాత పెట్టండి. ప్రతి కిక్‌కీ లూప్ మొత్తం కుంగుతుంటే కంప్రెసర్ సైడ్‌చెయిన్‌లో (అది విని స్పందించే దారిలో) 120 హెర్ట్జ్ హైపాస్ పెట్టండి, బయటికొచ్చే శబ్దంలో బాస్ పోదు.

పక్కన ఇంకో కాపీ పెట్టి గట్టిగా చితక్కొట్టి కలిపే పద్ధతి మీకు నచ్చితే, ఆ కాపీని 6 కిలోహెర్ట్జ్ దగ్గర లోపాస్ (ఆ గీత పైవాటిని కోసే ఫిల్టర్) చేయండి. లేకపోతే హ్యాట్లు రెండింతలవుతాయి. ఫిల్టర్ వల్ల ఫేజ్ తిరుగుతుంది కాబట్టి ఇక్కడ కూడా పోలారిటీ తిప్పి చూడడం తప్పదు.

ప్రశ్న: హైహ్యాట్ చెవిలో గుచ్చుకుంటోంది. 7 కిలోహెర్ట్జ్ పైన తగ్గిస్తే స్నేర్ చచ్చిపోతోంది, ఘోస్ట్ నోట్లు మాయమవుతున్నాయి.

జవాబు: స్నేర్ తీగల సరసర అంతా కూడా అక్కడే ఉంటుంది, అందుకే షెల్ఫ్‌తో ఇద్దరూ పోతారు. 6 నుంచి 9 మధ్య డైనమిక్ బ్యాండ్ ఒకటి పెట్టి, హ్యాట్ గట్టిగా తగిలినప్పుడు మాత్రమే 3, 4 డీబీ దిగేలా చూడండి. అటాక్ 1 మిల్లీసెకను, రిలీజ్ 40. స్నేర్ పడినప్పుడు కూడా అది దిగుతుంటే సైడ్‌చెయిన్‌కి హ్యాట్ స్లైసుల్ని మాత్రమే పంపండి. డీ ఎస్సర్‌తో (పాటలో సకారాల బుస తగ్గించే సాధనం) కూడా ఇదే పని జరుగుతుంది, పేరు చూసి గొంతులకే అనుకోనక్కర్లేదు.

ఘోస్ట్ నోట్ల సంగతి వేరు. డ్రమ్మర్ క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ వాయించిన జేమ్స్ బ్రౌన్ పాట ‘ఫంకీ డ్రమ్మర్’ బ్రేక్ వినండి. హ్యాట్ పదహారో నోట్ల మీద నడుస్తుంటే స్నేర్ మీద సన్నని దెబ్బలు మధ్య మధ్యలో దూరుతుంటాయి. వాటికి వేరే ఫ్రీక్వెన్సీ లేదు, పెద్ద స్నేర్ ఉన్నచోటే చిన్నగా ఉంటాయి. ఈక్యూతో పెంచితే పెద్ద స్నేర్ ఇంకా పెద్దదవుతుంది, అంతే. వాటిని స్లైస్ గెయిన్‌తో 2, 3 డీబీ ఎత్తండి, లేదా కంప్రెసర్‌కి వదిలేయండి.

ప్రశ్న: స్నేర్ టంగుమని మోగుతోంది. సన్నని బెల్‌ని 12 డీబీ పెంచి జరుపుతూ వెతికితే ప్రతి చోటా మోగుతున్నట్టే ఉంది. ఐదు చోట్ల నాచ్ పెట్టేశాను, ఇప్పుడు స్నేర్ అట్టముక్కలా ఉంది.

జవాబు: క్యూ 10 బెల్‌ని 12 డీబీ పెంచితే ఏ ఫ్రీక్వెన్సీ అయినా టంగుమంటుంది. అది మీరు తయారుచేసిన మోత, డ్రమ్ముది కాదు. కళ్లతో వెతకండి. ఒక్క స్నేర్ స్లైసు తీసుకుని, స్పెక్ట్రమ్ ఎనలైజర్‌లో దెబ్బ పడిన క్షణం కాకుండా 100 మిల్లీసెకన్ల తర్వాత ఏముందో చూడండి. ఎఫ్ఎఫ్‌టీ సైజు (ఎనలైజర్ ఒక్కసారి చూసే శాంపిళ్ల సంఖ్య) 4096 పెడితే 44.1 కిలోహెర్ట్జ్‌లో అది 93 మిల్లీసెకన్ల కిటికీ, సుమారు 11 హెర్ట్జ్ సూక్ష్మత. దెబ్బతోపాటు లేచి పడిపోయేవి డ్రమ్ ఒళ్లు. పడకుండా నిలబడే ఒకటో రెండో గీతలే రింగ్. తరచూ 400, 900 మధ్య ఉంటాయి. అక్కడ మాత్రమే క్యూ 8తో 4 నుంచి 6 డీబీ దించండి, అదీ స్నేర్ స్లైసుల మీదే. తక్కిన నాచ్‌లు తీసేయండి. ఆ రింగ్ స్వరం మీ పాట శృతికి దగ్గర్లో ఉంటే తీయడం మానేసి బ్రేక్‌ని అర సెమీటోను అటో ఇటో జరిపి శృతి కలపడం ఇంకా బాగుంటుంది.

ప్రశ్న: పాత 12 బిట్ శాంప్లర్ల మురికి శబ్దం కావాలి. 10 కిలోహెర్ట్జ్ దగ్గర లోపాస్ పెడితే సరిపోతుందా?

జవాబు: మసక వస్తుంది, మురికి రాదు. 1987లో వచ్చిన ఈ-మ్యూ సంస్థ ఎస్‌పీ-1200 శాంప్లర్‌ని తీసుకోండి. 12 బిట్లు, 26.04 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటు, మొత్తం మెమరీ 10 సెకన్లు. జాగా మిగుల్చుకోవడానికి నిమిషానికి 33 చుట్ల రికార్డును 45 మీద తిప్పి శాంపిల్ చేసి, లోపల పిచ్ కిందికి దించేవాళ్లు. 13 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగాల్సిన శబ్దం దించాక 9.6 దగ్గరే ఆగిపోతుంది. లోపాస్‌తో మీరు అనుకరించేది ఈ భాగాన్నే. కానీ పిచ్ దించేటప్పుడు ఆ యంత్రం మధ్య విలువల్ని లెక్కగట్టదు, దాంతో అసలు రికార్డులో లేని కొత్త శబ్దాలు పైన పుడతాయి. హ్యాట్ల మీద ఉండే ఆ గరుకు అదే. ఏ ఈక్యూ లేని దాన్ని పుట్టించలేదు.

చేయాల్సిన వరుస ఇది. బ్రేక్‌ని 5.2 సెమీటోన్లు పైకి పెంచండి, బిట్ క్రషర్‌తో 26 కిలోహెర్ట్జ్, 12 బిట్లకి దించి రెండర్ చేయండి, ఇంటర్‌పొలేషన్ (మధ్య విలువల్ని లెక్కగట్టడం) ఆపేయగలిగే శాంప్లర్‌లో మళ్లీ 5.2 కిందికి దించండి. ఇప్పుడు పెట్టండి లోపాస్, 11, 12 దగ్గర మెత్తగా, గరుకు కొంచెం మిగిలేలా. గరుకు మరీ ఎక్కువైతే ఆఖర్లో కోయకుండా, మొదట్లోనే బ్రేక్ హ్యాట్లని 3 డీబీ తగ్గించి మళ్లీ చేయండి, తేడా బాగా తెలుస్తుంది.

ప్రశ్న: గుర్తుపట్టలేనంతగా ఈక్యూ చేసి, ముక్కలు ముక్కలు చేస్తే అనుమతి అక్కర్లేదంటారు. నిజమేనా?

జవాబు: ఫిల్టర్ హక్కుల్ని కోయదు. రికార్డింగ్‌కి ఒక హక్కు, స్వరరచనకి ఇంకో హక్కు, రెండూ సాధారణంగా వేరువేరు చేతుల్లో ఉంటాయి. వివరాలు దేశాన్ని బట్టి మారతాయి, విడుదల చేసే ముందు కనుక్కోండి. నైతికంగా అయితే ‘అమెన్, బ్రదర్’ డ్రమ్మర్ కోల్‌మన్ ఉదంతం చాలు. వేల పాటల్లో ఆయన దెబ్బలు మోగాయి, 2006లో చనిపోయేదాకా ఆయనకి రాయల్టీగా ఏమీ అందలేదు. 2015లో అభిమానులు చందాలు పోగుచేసి సుమారు 24,000 పౌండ్లు బృంద నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కి ఇచ్చారు. అనుమతుల గొడవ వద్దనుకుంటే డ్రమ్మర్లు స్వయంగా రికార్డ్ చేసి అమ్మే రాయల్టీ ఫ్రీ బ్రేకులు బోలెడున్నాయి. వాటిలో చాలావాటికి విడి మైకులు కూడా ఇస్తారు, మొదటి ప్రశ్నలోని బాధ ఉండదు.

ప్రశ్న: బ్రేక్‌కి 35 హెర్ట్జ్ హైపాస్ మాత్రమే పెట్టాను, ఏమీ పెంచలేదు. అయినా మీటర్ ఎర్రబడింది. కోస్తే పీక్ తగ్గాలి కదా?

జవాబు: తగ్గాలని నియమం లేదు. ముందే లిమిటర్‌లో (పీకుల్ని ఒక హద్దు దాటనివ్వని సాధనం) నలిగిన, లేదా టేపు మీద సాచురేట్ అయిన బ్రేక్‌లో తరంగాల తలలు చదునుగా ఉంటాయి. వేర్వేరు ఫ్రీక్వెన్సీలు కచ్చితంగా ఒకే వరుసలో నిలబడి ఉంటేనే ఆ చదును నిలుస్తుంది. హైపాస్ అడుగు ఫ్రీక్వెన్సీల ఫేజ్‌ని తిప్పగానే వరుస చెదిరి, చదునైన తల ఒక పక్కకి వాలుతుంది, ఆ మూల పైకి పొడుచుకొస్తుంది. 1 నుంచి 3 డీబీ దాకా పీక్ పెరగడం మామూలే. శబ్దం పెద్దదవలేదు, ఆకారం మారింది. ఈక్యూ ప్లగిన్ అవుట్‌పుట్‌ని 3 డీబీ దించండి. ఈక్యూ ఆన్, ఆఫ్ చేసి పోల్చేటప్పుడు మాత్రం పీక్ మీటర్‌ని నమ్మి సర్దకండి, లౌడ్‌నెస్ మీటర్ చూసి రెండూ సమానం చేసుకున్నాకే వినండి.